చూరు కింద పిచుకలు

పోయిన వేసవిలో మా అత్తగారింట్లో ఒక పొరపాటు చేశాను. పెంకుటింటి చూరు సందుల్లో పిచుకలు దూరి గదినిండా గడ్డి రాలుస్తున్నాయని, మేస్త్రిని పిలిచి ఇనప జాలీ కొట్టించేశాను. సాయంత్రానికి ఓ పిచుక ముక్కున పురుగు పట్టుకుని జాలీకేసి కొట్టుకుంటోంది. లోపల పిల్లల కిచకిచలు.

అత్తయ్య తిట్టలేదు. "ముందు ఆ మూల ఊడదీయించమ్మా" అన్నారంతే.

ఆ ఇంటికి మొదట్లో గూన పెంకులుండేవట. చేత్తో చేసినవి, ఏ రెండూ ఒకలా ఉండవు కనక సందులు తప్పేవి కావు. అంచుల్లో సున్నం పెట్టి మూస్తే వానలకి రాలిపోయేది. తర్వాత బెంగుళూరు పెంకులు వేయించారు. పేరే బెంగుళూరు గానీ వాటి పుట్టిల్లు మంగళూరు! 1865లో బాసెల్ మిషన్ తరఫున జార్జ్ ప్లెబ్‌స్ట్ అనే జర్మన్ అక్కడ ఫ్యాక్టరీ పెట్టాడు. బంకమట్టిని యంత్రంతో అచ్చు వేసి, ఒకదాని గాడిలో ఇంకోటి కూర్చునేలా చేశారు. కప్పు మీద సందులు అలా తగ్గాయి. గోడకీ వాసాలకీ మధ్య ఖాళీ మాత్రం మిగిలింది, గాలాడాలి కదా. పిచుకలకి అదే చాలింది. మా ఫ్లాట్ స్లాబుకి ఆ పాటి సందు కూడా లేదు.

జాలీ మూల తీయించి రెండు వారాలు ఆగాం. అత్తయ్య రోజూ పొద్దున్నే చూరు కింద నిలబడి చెవి ఒగ్గేవారు. పిల్లలు ఎగిరిపోయి చప్పుడు ఆగాక, ఇంకో రెండ్రోజులు చూసి, ఖాళీ గూడు తీసి అప్పుడు మూయించాం. వసారాలో వరికుచ్చు అత్తయ్యే కట్టారు.