అడగకముందే అందిన మాట

1997 డిసెంబరు. యూనివర్సిటీ కాలేజీ లండన్, కంప్యూటర్ సైన్స్ విభాగం. సాయంత్రం 5 దాటింది, బయట అప్పుడే చీకటి. మీరు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నారు. కాలిఫోర్నియాలో ఇప్పుడు ఉదయం 9. అక్కడ ఒకాయన ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఆ గొంతు ఎంబోన్ అనే నెట్‌వర్కు మీద వస్తోంది. ఆయన కంప్యూటర్ ఒక్క ప్రతే పంపుతుంది. దారి చీలిన చోటల్లా రూటర్లు దాన్ని కాపీ చేసి ముందుకు తోస్తాయి. ఈ విభాగంలోనే రాసిన ర్యాట్ అనే ప్రోగ్రాం మీ తెర మీద నడుస్తోంది. అందులో వింటున్నవాళ్ల పేర్లు వరుసగా కనిపిస్తున్నాయి.

సెకనుకు 25 ప్యాకెట్లు. ఒక్కోదానిలో 40 మిల్లీసెకన్ల మాట.

ఇదిగో, ఒక మాట మధ్యలో తెగింది. దారిలో ఏదో రూటర్ దగ్గర వరుస నిండిపోయి, వెనకొచ్చిన ప్యాకెట్‌ను అది పారేసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పదు. ప్యాకెట్ల వరుస సంఖ్యల్లో 411 తర్వాత 413 వచ్చినప్పుడే మీ కంప్యూటర్‌కు తెలుస్తుంది.

మళ్లీ పంపమని అడగొచ్చు కదా? ఫైలైతే అంతే చేస్తారు. ఇక్కడ మాత్రం ఆ అడగడమూ, అది రావడమూ అయ్యేసరికి మాట వినిపించాల్సిన క్షణం దాటిపోతుంది. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. ఆ ప్యాకెట్ అట్లాంటిక్ దాటకముందే పోయుంటే, ఇవతల వింటున్న అందరికీ పోయినట్టే. అందరూ ఒక్కసారే అడిగితే ఆ కేకలన్నీ ఒకే కంప్యూటర్ మీద పడతాయి. శాలీ ఫ్లాయిడ్, వాన్ జాకబ్సన్ బృందం 1995లో దీనికొక మార్గం చూపింది: పోయిందని తెలియగానే ఎవరికి వారు కొద్దిసేపు ఆగాలి, ఎంతసేపన్నది యాదృచ్ఛికం, ఈలోగా ఇంకెవరైనా అడిగితే ఊరుకోవాలి. తెర మీది వైట్‌బోర్డు గీతలకు అది చక్కగా సరిపోయింది. గొంతుకు ఆగే తీరిక లేదు.

కాబట్టి అడగకముందే ఇవ్వాలి. ఇప్పుడు వినండి: అవతల ఎవరో ర్యాట్‌లో ఆ సదుపాయం ఆన్ చేశారు. ఇకమీదట ప్రతి ప్యాకెట్ తన మాటతో పాటు ముందటి ప్యాకెట్ మాటకు ముతక ప్రతిని కూడా, బాగా కుదించి, మోసుకొస్తుంది. 633 పోయింది. 634 వచ్చి ఆ ఖాళీ పూడ్చింది. గొంతు రెప్పపాటు రేకుడబ్బాలోంచి వచ్చినట్టుంది, కానీ మాట అర్థమైంది. అదే సమయంలో ఇంకో ఊళ్లో పోయింది 640; దాన్ని 641 బాగుచేసింది. ఎవరికేం పోయిందో పంపేవాడికి తెలియనే తెలియదు. పారిటీ పద్ధతిలో ఇది ఇంకా అందంగా ఉంటుంది. నాలుగు ప్యాకెట్ల బిట్లను ఎక్సార్ చేసి అయిదోదాన్ని పంపుతారు. మీకు రెండోది పోనివ్వండి, మరొకరికి నాలుగోది పోనివ్వండి, అదే అయిదోది ఇద్దరికీ చాలు. ఇంతమందికి ఒకేసారి ఇంత చవగ్గా మేలు చేసే ఉపాయం నెట్‌వర్కుల్లో నాకు ఇంకొకటి కనబడలేదు.

ఖర్చు లేకపోలేదు. ప్యాకెట్లు పోయేదే రద్దీ వల్ల. ఈ అదనపు బరువూ ఆ దారి మీదే. ప్రతిని ముతకగా ఉంచింది అందుకే. వరసగా రెండు పోతే మొదటిదాన్ని అదీ కాపాడలేదు.

ప్రశ్నల సమయం వచ్చింది. మీరు మైకు తెరిచి అడుగుతారు, ఆయన జవాబు మొదలుపెట్టేలోపు మళ్లీ మీరే మాట్లాడతారు, ఇద్దరి మాటలూ ఢీకొంటాయి. పోయినదాని ప్రతి కోసం కాచుకునే బఫర్ ఉపన్యాసానికి అడ్డు రాలేదు, సంభాషణకు అడ్డొస్తోంది. మీరు దాన్ని తగ్గిస్తారు. ఆయన జవాబులో అక్కడక్కడా అక్షరాలు రాలిపోతున్నాయి, అయినా ఈసారి మీరు అడిగిన వెంటనే ఆయన అందుకుంటున్నాడు.