ఢిల్లీ చుట్టుపక్కల పోస్టాఫీసు: మారినవి, మిగిలినవి



ముందుగా నాలుగు పిన్ కోడులను గమనించండి. న్యూఢిల్లీలోని గోల్ డాక్‌ఖానా 110001. గురుగ్రామ్ 122001. ఫరీదాబాద్ 121001. ఘాజియాబాద్ 201001. ఇవన్నీ నేడు మెట్రో రైలుతో కలిసిపోయిన ఊళ్ళే. కానీ తపాలా శాఖ లెక్కలో ఇవి మూడు వేర్వేరు సర్కిళ్ళకు చెందినవి.

పిన్ కోడులో మొదటి అంకె ప్రాంతాన్ని, మొదటి రెండూ కలిసి సర్కిల్‌ను, మొదటి మూడూ కలిసి సార్టింగ్ జిల్లాను సూచిస్తాయి. చివరి మూడు అంకెలు ఉత్తరం బట్వాడా చేసే పోస్టాఫీసువి. 11 అంటే ఢిల్లీ, 12 అంటే హర్యానా, 20 అంటే ఉత్తరప్రదేశ్. మన తెలుగు రాష్ట్రాలకు 50 నుంచి 53 వరకు కేటాయించారు. ఒకే పేరుగల ఊళ్ళు అనేకం ఉండటం, చిరునామాలు రకరకాల లిపుల్లో రాయడం వల్ల వచ్చే చిక్కులను తీర్చడానికి 1972 ఆగస్టు 15న ఈ పద్ధతి మొదలైంది.

ఇంకా వెనక్కి వెళదాం. 1854కు ముందు ఉత్తరం ఎంత దూరం పోతే అంత ఎక్కువ రుసుము. ఆ ఏడాది అక్టోబరులో, పావు తులం బరువున్న ఉత్తరం దేశంలో ఎక్కడికి పంపినా అర్ధణాయే అని నిర్ణయించారు. అంటే మారుమూల ఊరివాడికీ, రాజధానివాడికీ ఒకే ధర. పోస్టాఫీసు చరిత్రలో అసలైన మలుపు ఇదే.

తరువాత సేవలు ఒక్కొక్కటిగా చేరాయి. 1879లో పోస్టుకార్డు, 1880లో మనీ ఆర్డరు, 1882లో సేవింగ్స్ బ్యాంకు వచ్చాయి. ఫరీదాబాద్, ఘాజియాబాద్ వంటి కర్మాగారాల పట్టణాలకు పొట్ట చేతబట్టుకొని వచ్చిన కార్మికులకు మనీ ఆర్డరే ఇంటితో బంధం. ఫారం అడుగున ఉండే చిన్న కూపన్ మీద రెండు ముక్కలు రాసుకోవచ్చు. రాయడం రానివారు పక్కవారి చేత రాయించుకునేవారు. డబ్బుతోపాటు క్షేమసమాచారం కూడా చేరేది.

ఇక ఇటీవలి మార్పులు చూడండి. 2013 జూలైలో టెలిగ్రాం ఆగిపోయింది. 2015లో పాత పద్ధతి మనీ ఆర్డరు ముగిసింది. 2018 సెప్టెంబరు 1న ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ప్రారంభమైంది. పోస్టుమాన్ ఇప్పుడు ఫోను, వేలిముద్ర యంత్రం పట్టుకొని ఇంటికే వచ్చి, ఆధార్‌తో ముడిపడిన ఖాతా నుంచి డబ్బు తీసి ఇవ్వగలడు. గుమ్మంలో డబ్బు చేతికందడమనే పాత పని కొత్త రూపంలో నిలిచిందన్నమాట. కూపన్ మీది రెండు ముక్కలు మాత్రం పోయాయి. పనిచేసి అరిగిపోయిన వేళ్ళ ముద్రను యంత్రం ఒక్కోసారి గుర్తించదు కూడా.

2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపారు. రిజిస్టర్డ్ ఉత్తరాన్ని పేరున్న వ్యక్తికి లేదా అతను అధికారమిచ్చినవారికి ఇవ్వాల్సి ఉండేది. స్పీడ్ పోస్టును ఆ చిరునామాలో ఎవరికైనా ఇవ్వవచ్చు. స్వయంగా అందాలంటే ఇప్పుడు అదనపు రుసుముతో రిజిస్ట్రేషన్ కోరాలి. ఇంకో తేడా కూడా ఉంది. 2025 అక్టోబరు 1 నుంచి 50 గ్రాముల లోపు స్పీడ్ పోస్టుకు, పన్ను కాకుండా, ఊళ్ళోనైతే 19 రూపాయలు, బయటికైతే 47 రూపాయలు. కోర్టు నోటీసో, ఉద్యోగ దరఖాస్తో రసీదుతో పంపాలనుకునే చిన్న పట్టణపు మనిషికి ఆ కార్యాలయం సాధారణంగా ఊరి బయటే ఉంటుంది కదా! 1854లో తొలగిన దూరం లెక్క ఇక్కడ మళ్ళీ తొంగిచూస్తోంది.

వేగం పెరిగింది. పార్సిల్ ఎక్కడుందో ఫోనులోనే తెలుస్తోంది. ఇవి నిజమైన లాభాలే. అయితే ఏ మార్పు వచ్చినా ఒక ప్రశ్న వేసుకోండి: దూరాన ఉన్నవాడికి, చదువు రానివాడికి ఇది సులువైందా, కష్టమైందా?

మీరు చేయవలసిన పని: మీ ఊరి పోస్టాఫీసుకు వెళ్ళి, కౌంటరు దగ్గర ఒక గంట గమనించండి. ఎవరు ఏ పని మీద వచ్చారో పట్టిక వేయండి. తరువాత మీ ఇంట్లో తాతయ్యనో అమ్మమ్మనో అడిగి, వారి కాలపు పట్టికను దాని పక్కన రాయండి. మీ ఊరి చరిత్రలో ఒక పేజీ మీ చేతికి వస్తుంది.