నైలాన్ వల వచ్చాక

మా తాతల కాలంలో ఉప్పాడ తీరాన వల అంటే నూలు వలే. వేట నుంచి రాగానే కడిగి ఇసుక మీద ఎండబెట్టాలి, లేకపోతే చివికిపోయేది. చెట్టు బెరడు కాచిన కషాయంలో ముంచితే కొంచెం ఎక్కువ కాలం మన్నేది. మా నాయనమ్మ అరచేతులకు ఆ బెరడు రంగు ఎప్పుడూ అంటుకునే ఉండేదట. ఎంత చేసినా వల కోసం తెచ్చిన అప్పు తీరకముందే వల చిరిగేది. అందుకే నైలాన్ రాగానే మావాళ్లు ఆశగా అందుకున్నారు. బరువు తక్కువ, బలం ఎక్కువ, రోజూ ఆరబెట్టే పని లేదు, కుళ్లదు. మా ఇంట్లో నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నామంటే అందులో ఆ దారానికీ వాటా ఉంది.

అమెరికాలో 1935లో వాలెస్ కారోథర్స్ బృందం తయారుచేసిన దారం ఇది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వలల్లోకి వచ్చింది. మన దేశంలో 1957లో కొచ్చిలో ఏర్పడిన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ కృత్రిమ దారాల వలలను పరీక్షించి, వాటి వాడకాన్ని ప్రోత్సహించింది.

అదే 1957లో ఐస్‌లాండ్ దగ్గర ఒక పరిశోధన పరికరానికి ప్లాస్టిక్ వల తాడు చుట్టుకుంది. ఆ పరికరం కంటిన్యువస్ ప్లాంక్టన్ రికార్డర్. సముద్ర జీవశాస్త్రవేత్త అలిస్టర్ హార్డీ రూపకల్పన అది. ఓడలు దాన్ని వెనక కట్టుకుని లాగుతుంటే లోపలి పట్టుగుడ్డ మీద నీటిలో తేలే ప్లాంక్టన్ అనే చిన్న జీవులు పోగవుతాయి. ఈ పరికరంతో 1931లో మొదలైన సర్వేలో ఆ గుడ్డలను దశాబ్దాల తరబడి దాచిపెట్టారు. ఇంగ్లండ్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త రిచర్డ్ థాంప్సన్ బృందం వాటిని తీసి చూస్తే 1960ల నాటి పట్టులోనే ప్లాస్టిక్ పోగులు కనిపించాయి. తర్వాతి దశాబ్దాల గుడ్డల్లో అవి ఇంకా పెరిగాయి. 2004లో ఆ ఫలితాలు అచ్చయ్యాకే మైక్రోప్లాస్టిక్ అన్న పేరు అందరి నోటా పడింది.

జీవుల కడుపులో సంగతి అంతకుముందే తెలుసు. 1972లో ఎడ్వర్డ్ కార్పెంటర్ బృందం అమెరికా తూర్పు తీరంలో 14 రకాల చేపలను పరిశీలిస్తే 8 రకాల్లో పాలిస్టైరిన్ పూసలు దొరికాయి. ఆ తర్వాత 2011లో స్కాట్లాండ్ క్లైడ్ సముద్రం అడుగున బతికే రొయ్యజాతి జీవుల్లో 83 శాతానికి పొట్టలో ప్లాస్టిక్ ఉందని తేలింది. ఎక్కువగా పోగులే, వాటిలో కొన్ని చేపల వేట వ్యర్థాల నుంచి వచ్చి ఉండొచ్చు. పెంచిన జీవులకూ రక్షణ లేదు. 2014లో బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సాగుచేసిన మస్సెల్ ఆల్చిప్పల మాంసంలో గ్రాముకు సగటున 0.36 కణాలు లెక్కించారు. నీటిని వడగట్టి బతికే జీవికి ఏది ఆహారమో ఏది ప్లాస్టికో పూర్తిగా వేరుచేసుకునే వీలు లేదు.

సముద్రంలోని పోగులన్నీ వలలవే కావు. మన బట్టలవి ఉన్నాయి, సంచులవి ఉన్నాయి. అయినా వల ముక్క దగ్గర నా మనసు ఆగిపోతుంది. ఎండకు పెళుసై, ఇసుకకు ఒరిసి, నైలాన్ సన్నని తునకలవుతుంది, మట్టిలో మాత్రం కలవదు. ఆ తునకలు చేప పొట్టలో చేరినా, పెద్ద చేపను శుభ్రం చేసేటప్పుడు పొట్ట తీసి పారేస్తాం. ఎండు నెత్తళ్లను మాత్రం పొట్టతో సహా వండుకుంటాం. చౌకగా దొరికేవి గనుక అవి ఎక్కువగా పేదింటి కూరే.

కొత్త వల తీరానికి వచ్చినప్పుడు శాస్త్రవేత్త వచ్చాడు, అధికారి వచ్చాడు, వ్యాపారి వచ్చాడు. ఆ వల పాతబడినప్పుడు మాత్రం జాలరి ఒక్కడే మిగిలాడు. చిరిగిన వలను దాచడానికి అతనికి చోటు లేదు, కొనేవాడు దొరకడు. అలాంటప్పుడు అది తీరంలోనో నీళ్లలోనో పడితే నేరమంతా అతని నెత్తిన వేయడం అన్యాయం. ప్రతి హార్బర్‌లోనూ పాత వలను తూకం వేసి కొనే ఏర్పాటు ఉండాలి. ఆ ఖర్చును వల తయారుచేసేవాళ్లు, అమ్మేవాళ్లు, ప్రభుత్వం కలిసి భరించాలి.