బస ఎక్కడ?

ఊరు చూడబోయే ముందు ఊళ్ళో దిగేదెక్కడ అన్న ప్రశ్న పుడుతుంది. కాశీకి పోయినా అంతే, పారిస్‌కి పోయినా అంతే. పిల్లలు విదేశాల్లో స్థిరపడ్డ పుణ్యమా అని మన మధ్యతరగతి ఇల్లాళ్ళు కూడా ఈమధ్య రోమ్, ప్రాగ్, వియన్నా అంటూ పాత నగరాలు చూసి వస్తున్నారు. బయలుదేరే ముందు వాళ్ళ మాటలు వినండి. రాజుగారి మేడ ఏ శతాబ్దంలో కట్టారో, చర్చి గోపురం ఎన్ని అడుగులుంటుందో తర్వాతి సంగతి. ముందు బస. ఊరి నడిబొడ్డున ఉండాలి, నడిచి వెళ్ళి నాలుగూ చూసి రావాలి. మరీ ఖరీదు కాకూడదు, అలాగని మరీ నాసిగానూ ఉండకూడదు. స్నానానికి వేణ్ణీళ్ళు రావాలి, తలుపుకి గట్టి గడియ ఉండాలి.

మావారి లాంటి వాళ్ళకి ఇది నవ్వులాటగా ఉంటుంది. "చరిత్ర చూడ్డానికి వెళ్తున్నారా, గడియలు చూడ్డానికా?" అంటారాయన. నాకు మాత్రం ఈ గడియ ప్రశ్న కూడా చరిత్రే అనిపిస్తుంది. రాజులు ఎక్కడ యుద్ధం చేశారో పుస్తకాలు చెబుతాయి. దారిన పోయే ఆడమనిషి ఆ రాత్రి ఎక్కడ పడుకుందో చెప్పేవి తక్కువ. అయితే మన నల్లగొండ, పాలమూరు సీమల్లోనూ, ఆ చుట్టుపక్కలా వెతికితే ఆ సంగతీ కొంత దొరుకుతుంది.

అన్నట్టు, ఒక చిన్న మాట. ఇంగ్లీషువాళ్ళ హోటల్ అన్న మాటా, హాస్పిటల్ అన్న మాటా ఒకే లాటిన్ మూలంలోంచి పుట్టాయి. ఆ మూలానికి అతిథి అనీ, ఆతిథ్యమిచ్చేవాడనీ రెండర్థాలున్నాయి. మనమేమో హోటల్ అంటే ఇడ్లీ, చాయ్ అనుకుంటాం. గది కావాలంటే లాడ్జి అంటాం. పేరేదైతేనేం, బాటసారికి కావలసినవి నాలుగే: తిండి, నీళ్ళు, నిద్ర, భద్రత.

మొదట నాగార్జునకొండకు పోదాం. నల్లగొండ జిల్లా దక్షిణపు కొసన, కృష్ణకు అవతలి ఒడ్డున, మూడో శతాబ్దంలో ఇక్ష్వాకు రాజుల విజయపురి వెలిగింది. ఇప్పుడా లోయ నాగార్జునసాగరం నీళ్ళ కింద ఉంది. నీళ్ళు రాకముందు 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవాటిలో ముఖ్యమైనవి కొండమీదికి చేర్చారు. లాంచీలో వెళ్ళి చూసి వస్తున్నాం. అక్కడ మహాచైత్యాన్ని నిలబెట్టిన రాజకుటుంబపు స్త్రీ చాంతిశ్రీ పేరు చాలామంది విన్నారు. నాకు ఇష్టమైనామె వేరొకరు. బోధిశ్రీ అనే ఉపాసిక. ఆమె రాణి కాదు. రేవతుడనే గృహస్థు ఇంటి ఆడపడుచు. ఇవాళ్టి లెక్కలో మనలాంటిదే అనుకోండి.

ఈమె వీరపురుషదత్తుడి కాలంలో సింహళం నుంచి వచ్చే ఆచార్యుల కోసం ఒక చైత్యగృహం కట్టించి, ఆ సంగతి రాయిమీద చెక్కించింది. అంతటితో ఆగలేదు. తాను చేసిన దానాల జాబితా మొత్తం అక్కడే రాయించింది. ఒక విహారంలో ఒక గది. ఒకచోట మూడు గదులు. ఇంకోచోట ఏడు గదులు. ఒకచోట చెరువు, మరోచోట రాతి మండపం. చదువుతుంటే చాకలి పద్దు రాసుకునే ఇల్లాలు గుర్తొస్తుంది. రాజుల శాసనాల్లో బిరుదులు నిండి ఉంటాయి, ఈమె శాసనంలో గదుల లెక్క ఉంది. సముద్రం దాటి వచ్చిన పరాయి దేశస్థుడికి మొట్టమొదట కావలసింది తల దాచుకునే గది అని ఆమెకు తెలుసు. పదిహేడు వందల ఏళ్ళ కిందటి మాట సుమా!

అక్కడి నుంచి వెయ్యేళ్ళు ముందుకు వస్తే కాకతీయుల కాలం. కృష్ణ ఒడ్డునే, గుంటూరు సీమలోని మల్కాపురంలో 1261 నాటి శాసనం ఒకటుంది. గణపతిదేవుడూ, ఆయన కూతురు రుద్రమదేవీ విశ్వేశ్వర శివాచార్యులకు ఇచ్చిన గ్రామాల ఆదాయాన్ని ఎలా ఖర్చు చెయ్యాలో అందులో ఉంది. గుడికీ, చదువుకీ ఇచ్చినట్టే ప్రసూతిశాలకూ, ఆరోగ్యశాలకూ, సత్రానికీ ఇచ్చారు. ఇందాక హోటల్, హాస్పిటల్ ఒక తల్లి బిడ్డలన్నాను చూశారా, ఇక్కడ మన నేలమీద ఆ రెండూ ఒకే ఆవరణలో, పురిటిగదితో సహా! ఆ సత్రంలో అన్నం పెట్టడానికి కులం అడగకూడదు. అందరికంటే పైన అనిపించుకున్నవాళ్ళ నుంచి అంటరానివాళ్ళని ఊరు దూరం పెట్టినవాళ్ళ దాకా ఎవరొచ్చినా పెట్టాలి.

రుద్రమదేవి కన్నుమూసిన సంగతి తెలిపే శాసనం నల్లగొండ సీమలోనే, నకిరేకల్ దగ్గర చందుపట్లలో దొరికింది. దాని కాలం 1289. నకిరేకల్ మీదుగా విజయవాడకు బస్సులో పోతున్నప్పుడల్లా నాకు ఆమె కత్తి కన్నా ఆ పురిటిగదీ, ఆ సత్రమూ ముందు గుర్తొస్తాయి.

బస్సులో పోయే బాట అన్నాను కదా, గోల్కొండ రాజుల నాడు మచిలీపట్నం రేవుకు సరుకు పోయిన తోవ కూడా చాలామటుకు ఈ సీమ గుండానే. ఎడ్లబళ్ళూ, పెరికె ఎద్దులూ, పల్లకీలూ, వజ్రాల వర్తకులూ అందరూ అలాగే పోవాలి. ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే పదిహేడో శతాబ్దం నడుమ ఆ బాటన ప్రయాణం చేసి, 1676లో తన యాత్రల పుస్తకం అచ్చువేశాడు. గోల్కొండ నుంచి బయలుదేరాక వచ్చే తొలి మజిలీని ఆయన ఎంత వివరంగా వర్ణించాడో చెబితే, ఈ కాలపు హోటళ్ళ ప్రకటనలు సిగ్గుపడాలి.

అక్కడ తోటలతో సహా నాలుగు గొప్ప భవనాలున్నాయట. అందులో ఒకటి చెక్కిన రాతితో కట్టిన రెండంతస్తుల మేడ. హాళ్ళూ, వసారాలూ, గదులూ ఉన్నాయి. ముందు పెద్ద చతురస్రపు ఆవరణ. ఆవరణకు ద్వారాలు. ద్వారాలకు ఇరుపక్కలా నాలుగైదు అడుగుల ఎత్తున కమానుల కింద అరుగులు. హోదా తక్కువ బాటసారులకు ఆ అరుగులు. ఆవరణ చుట్టూ చిన్న చిన్న గదులు, అవి బీదవాళ్ళకు. సాయంత్రమయ్యేసరికి వాళ్ళకు రొట్టో, అన్నమో, కూరో వండి పంచుతారు. ఒకరు వండింది తినని హిందువులకు పిండి ఇచ్చి, రొట్టెమీద రాసుకోవడానికి నెయ్యి కూడా ఇస్తారు. పెద్దవాళ్ళు మేడలో దిగకపోతే తోటల్లో డేరాలు వేసుకోవచ్చు. నాలుగింటిలో ఒక భవనం మాత్రం రాణిగారిది. ఆమె లేనప్పుడు చూసి రావచ్చు గాని, అందులో దిగకూడదు.

ఇంత వివరంలో నా కన్ను నిలిచింది ఒక్కచోట. ఒక్కొక్క ద్వారం మీదా గట్టి పిట్టగోడ, ఒక చిన్న గది. ఆ గది స్త్రీల కోసమట! దారి హడావిడికీ, ఎద్దుల కాళ్ళదుమ్ముకీ పైన, ఎవరూ తొంగి చూడని ఎత్తులో. ఆ మేడ కట్టిన మేస్త్రీకి ఆడవాళ్ళు కూడా ప్రయాణాలు చేస్తారన్న ధ్యాస ఉన్నందుకు నాకెంత సంతోషం వేసిందో!

అదే బాటమీద హయత్‌నగర్ ఉంది. ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి హయత్ బక్షీ బేగం పేరున వెలసిన ఊరు. అక్కడి మసీదు ఆవరణ చుట్టూ కమానుల గదులు వరుసగా ఉన్నాయి. అదొక సరాయి. దగ్గర్లోనే ఏనుగుబావి అని పిలిచే పెద్ద బావి. నమాజుకు మసీదు, నిద్రకు గది, దాహానికి బావి. బాటసారికి కావలసినవన్నీ ఒకచోట అమర్చారు.

ఇక్కడ మన మధ్యతరగతి ఇల్లాలు ఒక ప్రశ్న వేస్తుంది. "అంతా బాగానే ఉంది గాని, మధ్యరకం గది ఏదీ?" అని. నిజమే! మేడలు గొప్పవాళ్ళకి, చిన్న గదులు బీదవాళ్ళకి. డబ్బు ఇచ్చి, నాకు ఇది కావాలి అని అడిగే గది ఎక్కడా కనబడదు. ఎందుకంటే సరాయైనా, సత్రమైనా ధర్మానికి ఇచ్చింది. ధర్మానికి చీరె ఇస్తే పెరట్లోకి పోయి మూర వేసిందని మనవాళ్ళు ఎగతాళి చేస్తారు కదా! ఊరికే దొరికినదాన్ని బాగోగులు అడిగే హక్కు ఉండదు. ఇచ్చేవాడు ఎక్కడ ఉండమంటే అక్కడే. నిన్ను ఎక్కడ పడుకోబెట్టాలో నీ పర్సు కాదు, నీ పుట్టుక నిర్ణయిస్తుంది.

1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు పాలమూరు సీమ మీదుగా, వనపర్తి, జడచర్లల దారిన హైదరాబాదు చేరారు. సుప్రీంకోర్టులో దుబాసీ, పెద్ద పరివారం. అయినా ప్రతి ఊళ్ళోనూ ఆయన చూసింది మనం చూసేదే. దిగడానికి వసతి ఉందా, సరుకులు దొరుకుతాయా, నీళ్ళెలా ఉన్నాయి? ఆయన కాశీయాత్ర చరిత్ర ఒక విధంగా మన భాషలో తొలి ప్రయాణికుల మార్గదర్శి.

అంత పరివారం లేనివాళ్ళ సంగతి? అలంపురం శ్రీశైలానికి పడమటి ద్వారం, ఉమామహేశ్వరం ఉత్తర ద్వారం. శివరాత్రికి ఈ సీమలోంచి కాలినడకన పోయే జనానికి ఊరి చావిడి, గుడి మండపం, ఎవరింటి అరుగో బస. అరుగు మగవాళ్ళకి సరిపోతుంది. ఆడవాళ్ళని లోపలికి రమ్మనాలంటే మాత్రం గడపలో ఒక ప్రశ్న వేస్తారు, "మీరేమిట్లు?" అని. జవాబును బట్టి లోపలి గదో, వసారానో, వాకిలో, ఊరవతల చెట్టుకిందో! కులం పేరు బోర్డుమీద రాసుకున్న సత్రాలు పుణ్యక్షేత్రాల్లో ఈనాటికీ ఉన్నాయి. మల్కాపురం శాసనం చెక్కి ఏడున్నర శతాబ్దాలు దాటినా, అక్కడి మాట మనకింకా పూర్తిగా వంటబట్టలేదు.

అందుకే బస్టాండు ఎదురుగా లాడ్జి వెలిసినప్పుడు, దాన్ని చూసి ముక్కు విరిచినవాళ్ళతో నేను ఏకీభవించలేను. పటం కట్టిన దేవుడి బొమ్మ, గోడకి పాన్ మరకలు, కుళాయి కింద ప్లాస్టిక్ బకెట్టు ఉంటే ఉండనీండి. అద్దె ఇస్తే గది. కులం అక్కర్లేదు. మనకు నచ్చకపోతే పక్క లాడ్జికి పోతాం. ఎంచుకోవడం అన్నది మధ్యతరగతికి అక్కడే మొదలైంది.

అయితే ఆడదానికి కూడానా? కొన్నేళ్ళ కిందట ఒక నవల కోసం శాసనాలూ, గుళ్ళూ చూస్తూ పాలమూరు వైపు ఒక పట్నంలో ఒంటరిగా దిగాను. గదులు ఖాళీగా ఉన్నాయి, తాళంచెవులు గోడకి వేలాడుతున్నాయి. గుమాస్తా నా వెనక్కి చూసి, "మీ వెంట ఎవరూ లేరామ్మా?" అన్నాడు. లేరన్నాను. "ఒంటరి లేడీసుకి ఇవ్వమమ్మా, ఓనరు ఒప్పుకోడు" అన్నాడు. నా చేతిలో డబ్బుంది, వయసు నలభై దాటింది. అయినా నా పక్కన ఒక మగమనిషి ఉంటేనే నేను మర్యాదస్తురాలిని!

బయట బత్తాయిలు అమ్ముతున్న పెద్దమ్మ అంతా చూస్తూనే ఉంది. "ఏడ దిగినవు బిడ్డా?" అంది. చెప్పాను. "ఏడికి పోతవ్ పొద్దుమీకినంక? మా ఇంట్ల పండుకో. లోపల గొళ్ళెమున్నది" అంది. ఆ రాత్రి ఆమె ఇంట్లో నులకమంచం మీద పడుకున్నాను. కులం అడగలేదు, పేరు కూడా పొద్దున్నే అడిగింది. గొళ్ళెం సంగతి మాత్రం ముందే చెప్పింది. బోధిశ్రీకి తెలిసిన రహస్యం ఈమెకూ తెలుసు.

కాని అక్కచెల్లెళ్ళూ, ఎల్లప్పుడూ బత్తాయిల పెద్దమ్మ దొరకదు. దొరికినా, డబ్బిచ్చి అడగగల గదిని దయగా పుచ్చుకోవలసిన అవసరం మనకేమిటి? 1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన మన రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలతో పాటు హోటళ్ళ పేరు కూడా ఉంది. మతం, కులం, పుట్టిన చోటు మాత్రమే కాదు, ఆడా మగా అన్న తేడాతో కూడా అందులోకి ఎవరినీ రానివ్వకపోవడం కూడదని రాశారు. మల్కాపురం శాసనం కులం గురించి చెప్పినదానికి ఈ కాలపు పెద్దలు మన మాట కూడా కలిపారన్నమాట. శాసనం ఉంటే చాలదు, దాన్ని చదివి వినిపించేవాళ్ళుండాలి.

విజయవాడ రోడ్డున పోతున్నప్పుడు ఒకసారి హయత్‌నగర్‌లో దిగి, శిథిలమవుతున్న ఆ సరాయి గదుల్ని చూడండి. మీ పిల్లలకి చూపించండి. విదేశాల్లో ఇలాంటివి కనిపిస్తే టిక్కెట్టు కొని, ఫొటో తీసుకుని మరీ వస్తాం కదా! ఆ తర్వాత వియన్నాలోనైనా, వనపర్తిలోనైనా, నల్లగొండలోనైనా గది అడిగేటప్పుడు జంకకండి. గడియ ఉందా, నీళ్ళొస్తాయా, వెలుతురుందా అని దర్జాగా అడగండి. ఒంటరిగా వచ్చారేమని వాళ్ళు ఎదురు ప్రశ్న వేస్తే, ఈ దేశంలో ఆడవాళ్ళ కోసం ద్వారం మీద గది కట్టి మూడు వందల డెబ్భై ఏళ్ళు దాటిందని చెప్పండి. నమ్మకపోతే 15వ అధికరణం చెప్పండి.