జార్జి పండుగ పక్కకు జరిగిన రోజు



పాశమైలారంలో మందుల కంపెనీలో పనిచేసే మన సంఘ యౌవనస్థుడొకడు మొన్న నైట్ షిఫ్ట్ దిగి నేరుగా మందిరానికి వచ్చాడు. "అయ్యగారూ, అబిడ్స్‌ల సెయింట్ జార్జ్ చర్చి చూసిన. ఎవరీ జార్జి? ఇంగ్లండోళ్లు ఆయన పండుగ మన క్రిస్మస్ లెక్క చేస్తరా?" అని అడిగాడు. చిన్న ప్రశ్నే, కానీ జవాబు వెదుకుతూ పోతే అది మన సంఘంలో ఈ వారం నడుస్తున్న గొడవ దగ్గరికే మమ్మల్ని తెచ్చి నిలబెట్టింది.

జార్జి పేరు మన తెలుగు నేలకు కొత్త కాదు. మద్రాసులో ఇంగ్లీషువారు కట్టిన కోట పేరు సెయింట్ జార్జ్ కోట. కోస్తా, రాయలసీమ జిల్లాలను చాలాకాలం ఆ కోట నుంచే పాలించారు. నిజాం ఏలుబడిలోని హైదరాబాద్‌లో 1834లో మొదలైన ఇంగ్లీషు బడికీ ఆయన పేరే పెట్టారు. ఆ అబిడ్స్ చర్చి ఇప్పుడు మన మెదక్ డయోసిస్‌లోనే ఉంది.

అయితే జార్జి ఇంగ్లండువాడు కాడు. సంఘ సంప్రదాయం ప్రకారం ఆయన కుటుంబం నేటి టర్కీలోని కప్పదొకియకు చెందినది. ఆయన రోమా సైన్యంలో సైనికుడు. డయోక్లీషియన్ చక్రవర్తి క్రైస్తవులను హింసించిన రోజుల్లో, సుమారు క్రీ.శ. 303లో, క్రీస్తును విడువనన్నందుకు చంపబడ్డాడు. ఆయన సమాధి లుద్దలో ఉందంటారు. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో పేతురు ఐనెయను స్వస్థపరచిన ఊరు అదే. గుర్రమెక్కి ఘటసర్పాన్ని చంపిన కథ ఎన్నో వందల ఏళ్ల తరువాత చేరింది. ఇంగ్లండు నేల మీద ఆయన ఎన్నడూ అడుగుపెట్టలేదు.

మరి పరదేశి వారికి పోషక పరిశుద్ధుడు ఎలా అయ్యాడు? యుద్ధాల వల్ల. అంతకుముందు ఎడ్మండ్, ఎడ్వర్డ్ అనే తమ సొంత రాజులనే వారు అలా గౌరవించేవారు. 1348 ప్రాంతంలో మూడవ ఎడ్వర్డ్ రాజు తన యోధుల కూటమిని జార్జి పేరున స్థాపించాడు. 1415లో ఫ్రాన్సు మీద అజిన్‌కోర్ట్ యుద్ధం గెలిచాక, ఏప్రిల్ 23ను క్రిస్మస్‌తో సమానంగా ఆచరించాలని వారి ఆర్చిబిషప్పు ఆజ్ఞ ఇచ్చాడు. కాబట్టి మన తమ్ముడి ప్రశ్నకు మొదటి జవాబు: అవును, ఒకప్పుడు చేసేవారు.

ఇప్పుడు అలా లేదు. 16వ శతాబ్దపు సంఘ సంస్కరణలో పరిశుద్ధుల పండుగలు తగ్గాయి. 1707లో స్కాట్లాండుతో ఏకమయ్యాక, 18వ శతాబ్దం చివరికల్లా ఈ పండుగ చాలావరకు చల్లబడింది. ఐర్లండులో మార్చి 17న పాట్రిక్ దినానికి దేశమంతా సెలవు. ఇంగ్లండులో ఏప్రిల్ 23కు సెలవే లేదు. చర్చి గోపురాల మీద తెల్లని గుడ్డపై ఎర్ర సిలువ జెండా ఎగురుతుంది, స్కౌటు పిల్లలు కవాతు చేస్తారు, లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో వేడుక జరుగుతుంది. చాలామందికి మాత్రం అది మామూలు పనిరోజే.

ఇక్కడ ఒక సంగతి మమ్మల్ని ఆపింది. ఏప్రిల్ 23 శ్రమల వారంలో గాని, ఈస్టర్ తరువాతి వారంలో గాని పడితే, చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ ఆ ఆరాధనను వెనక్కి జరుపుతుంది. 2025లో ఈస్టర్ ఏప్రిల్ 20న వచ్చింది. అందుకని జార్జి దినాన్ని ఏప్రిల్ 28కి మార్చారు. 2011లోనైతే మే 2 వరకు ఆగవలసి వచ్చింది. రాజులు ఆయన పేరున యుద్ధాలు చేశారు, దేశం ఆయన సిలువను జెండాగా ఎత్తింది. అయినా ప్రభువు మరణ పునరుత్థానాల యెదుట ఆయన దినం పక్కకు తొలగి నిలబడుతుంది. ప్రాణమిచ్చిన హతసాక్షికి అంతకంటే తగిన గౌరవం ఏముంటుంది?

మన మెదక్ కూడా ఇదే చెబుతుంది. ఇంగ్లండులోని వెస్లియన్ మిషన్ పంపిన పాస్నెట్ దొరగారు కరువు రోజుల్లో జనానికి పని కల్పించి కట్టించిన మహా దేవాలయం 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠింపబడింది. అక్కడి రంగు అద్దాల కిటికీలలో ఉన్నవి క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం. తమ దేశపు వీరుణ్ణి కాదు, ప్రభువునే మన కళ్ల ముందు నిలిపి వెళ్లారు.

ఇక మన గొడవ. ఈసారి మన మందిర వార్షికోత్సవం శ్రమల వారంలో పడింది. తేదీ మార్చవద్దని కొందరు పెద్దలు పట్టుబట్టారు. ఫ్లెక్సీ మీద ఎవరి ఫోటో పైన, ఎవరిది కింద అని మాటామాటా పెరిగింది. దాచడమెందుకు, మా ఫోటో మధ్యలో ఉంటే బాగుండునని మేమూ లోలోపల అనుకున్నాము. ప్రభువు మమ్మల్ని క్షమించును గాక. స్థలమిచ్చినవారు, ఇటుకలు మోసినవారు, షిఫ్టు జీతంలోంచి కానుక తెచ్చినవారు అందరూ గౌరవనీయులే. కానీ ఆ వారం వారిది కాదు, మాదీ కాదు.

అందుకే వార్షికోత్సవాన్ని ఈస్టర్ దాటిన రెండో ఆదివారానికి జరుపుదామని మా మనవి. ఫ్లెక్సీ మీద ఏ ఫోటో వద్దు, మొదట మాది తీసేయండి. పెద్దలు దయచేసి నొచ్చుకోవద్దు. ఆయన హెచ్చవలసియున్నదని, తాను తగ్గవలసియున్నదని యోహాను ఒప్పుకున్న దారి మనకూ దారే.

ప్రభువా, నీ దినాన నీకు అడ్డుగా నిలబడకుండా పక్కకు జరిగే మనస్సు మాకు దయచేయుము. ఆమేన్.