బందరు బాట

దూరదేశములకు సరకు త్వరగా పంపుటెట్లు అను చింత మన వర్తకులకు క్రొత్తది కాదు. 17వ శతాబ్దమున గోలకొండనుండి బందరు రేవునకు పోవు బాట మన నల్లగొండ సీమ గుండ సాగెడిది. 1611లో ఇంగ్లీషువారు ఆ రేవున వర్తకశాల నెలకొల్పిరి. కొండలు, చెరువులు, ఏరులు అడ్డమగుటచే ఈ దక్షిణపు బాటలలో బండ్లు సాగవనియు, సరకు ఎడ్లపైనను గుఱ్ఱములపైనను పోవుననియు ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే వ్రాసెను.

బట్టల మూటలు బరువు. అవి ఎడ్ల నడకతో రేవు చేరి, గాలి అనుకూలించువరకు ఓడతోపాటు వేచియుండవలెను. అదను తప్పెనా, నెలలు గడచిపోవును. వర్తకుని పెట్టుబడి రేవుననే చిక్కుకొనును. వజ్రమో, మొలలో ఇముడును. దానిని నేలబాటనే సూరతునకు కొనిపోవువారు కలరు.

జాబు అన్నిటికంటె తేలిక. దారి పొడుగునను గుడిసెలలో అంచెవాండ్రు కాచుకొని యుండెడివారు. చేతికిచ్చుట అపశకునమని జాబును వాకిట పడవేయుదురట! చీకటిలో దారి తప్పకుండ సమీపగ్రామములవారు రాళ్ళకుప్పలకు తెల్లరంగు పూసెడివారు. రౌతుకంటె ఈ కాలిబంటే ముందు చేరునని టావెర్నియే సాక్ష్యము.

బరువు, వెల, తొందర: ఈ మూడింటిని తూచియే మన పెద్దలు దారి నెన్నుకొనిరి. 2008లో పాలమూరు బాటపై శంషాబాదున విమానాశ్రయము వెలసినది. పోచంపల్లి పట్టును ఓడ కెక్కింతమా, విమానమునకా యని మనము నేడు తలపోయునపుడు తూచునవియు ఆ మూడే కదా!