భూతము, భూతకాలము

భూతమనఁగా జరిగిపోయినది యని సంస్కృతమున నర్థము. వ్యాకరణములో భూతకాలమన్నప్పుడు మనము గ్రహించునది యీ యర్థమునే. దయ్యమునకుఁ గూడ ఆ పేరే చెల్లుట వింతగాఁ దోఁచవచ్చును. కాని మన యూళ్ల దయ్యాల కథలను కొంచెము తఱచి చూచినచో ఆ వింత తీఱిపోవును. ఏ కట్టడపు చరిత్రమును జనులు మఱచిపోవుదురో, ఆ కట్టడములో దయ్యము కాపురము పెట్టును.

విశాఖపట్టణములోని సీతమ్మధార పేరు వినఁగానే మనకు రామకథ స్ఫురించును. ఎవరికిని వెఱపు కలుగదు. అచ్చటికి సుమారు 40 కిలోమీటర్ల దూరమున, అనకాపల్లి చెంతనున్న శంకరము గ్రామపు బొజ్జన్నకొండకు ఆ భాగ్యము చిరకాలము కలుగలేదు. ఏటేటఁ గనుమనాఁడు వేలకొలఁది జనులు అక్కడికి పోయెడివారు. పోయి, కడుపువలె గుండ్రముగానున్న యొక యాకారమును రాక్షసుని శరీరభాగమని నమ్మి, దానిపై రాళ్లు రువ్వెడివారు. తండ్రి రువ్వఁగాఁ జూచి కొడుకు రువ్వెను. ఎందుకని యడుగవలెనని తోఁచినవారు అరుదు.

ఇంతకు నా కొండ యెవరిది? శంకరమను పేరు శివునిది కాదు. సంఘారామ శబ్దమే మాఱి యట్లయినదని పండితులు చెప్పుదురు. బొజ్జన్న యనునది బుద్ధన్నకు వికారము. 1906 ప్రాంతమున పురావస్తుశాఖకు చెందిన అలెగ్జాండర్ రీ దొర అచ్చట త్రవ్వించఁగా బౌద్ధారామము బయల్పడినది. రాతిని తొలిచిన గుహలు, వానిలో బుద్ధప్రతిమలు, కొండమీఁద మహాస్తూపము, ప్రక్కనున్న లింగాలకొండపై రాతినే చెక్కి వరుసలుగా నిలిపిన చిన్న స్తూపములు నచ్చటఁ గలవు. దొరికిన నాణెములలో సముద్రగుప్తుని బంగారు నాణెమును, తూర్పుచాళుక్యుఁడైన విష్ణువర్ధనుని రాగి నాణెములును ఉన్నవి. క్రీ.శ. 4వ శతాబ్దము మొదలు 9వ శతాబ్దము వఱకు ఆ స్థలము వెలసియున్నదని చరిత్రకారుల మతము.

భిక్షువులు పోయిరి, వారి మాట నెఱిఁగినవారును పోయిరి. బుద్ధన్న బొజ్జన్న యయ్యెను. మన తెలుఁగులో బొజ్జ యనఁగా కడుపు గదా! గుండ్రని యా రాయి ఆ పేరునకు సాక్ష్యము పలికెను గాఁబోలు. అహింసను బోధించిన మహనీయుని స్థానము రాళ్లదెబ్బలకు గుఱి యయ్యెను. ఇటీవల ఇంటాక్ సంస్థవారి పూనికచే ఆ యాచారము నిలిచినది. ఆ రాక్షసుని వదలించుటకు మంత్రగాఁడు అక్కఱలేకపోయెను.

భీమునిపట్టణమును చూడుఁడు. 17వ శతాబ్దమున ఒలందావారు అచ్చట వర్తకస్థానము నేర్పఱచుకొనిరి. 1825లో ఆ యూరు ఇంగ్లీషువారి వశమైనది. ఒలందావారి సమాధులు నేఁటికిని అచ్చటఁ గలవు. శ్మశానమన్నంతనే పిల్లల చేయి పట్టి యీవలికి లాగు తల్లులు మన యిండ్లలో అరుదు కారు. ఆ రాళ్లమీఁది పేర్లను, ఏండ్లను చదివి చూపినచో, వర్తకమునకై సముద్రములు దాఁటి వచ్చి యిచ్చటనే కన్నుమూసిన మనుష్యులు కనఁబడుదురు, పిశాచములు కనఁబడవు.

ఇది పాత రాళ్ల సంగతి మాత్రమే యైనచో మే మింతగాఁ జెప్పనక్కఱ యుండదు. విశాఖ మన్యపు పల్లెలలో చిల్లంగి పెట్టినారను అనుమానముచే మనుష్యులను కొట్టి చంపిన యుదంతములు మన కాలమునను పత్రికలకెక్కినవి. స్తూపమునకు కారణ మెఱుఁగనివాఁడు దానిని రాక్షసుఁ డనును. జ్వరమునకు కారణ మెఱుఁగనివాఁడు పొరుగింటి ముసలిదానిని మంత్రగత్తె యనును. మూల మొక్కటే. మొదటిదానికి దెబ్బ తినునది రాయి, రెండవదానికి ప్రాణము.

పిల్లలకు దయ్యాల కథలు చెప్పవద్దని మేమనము. వారికవి యిష్టము. కాని కథ ముగిసిన పిమ్మట, ఆ పాడు మేడను ఎవరు కట్టించిరి, ఎప్పుడు విడిచిపోయిరి, ఏల విడిచిరి యని వారిచే నడిగింపుఁడు. జవాబు తెలియనిచో వారితోఁ గూడ వెదకుఁడు. వచ్చు కనుమకు బొజ్జన్నకొండకుఁ బోవువారు, బిడ్డల చేతికి రాయి నందీయక, గుహలోని బుద్ధుని చూపింతురు గాక!